సొంత పాటల భాండారము – ప్రోగ్రాముల ఎన్నిక

గ్రామఫోను వాడుకలోనున్న కాలమున ప్లేటు కొన్నవానికి ఆ ప్లేటు సొంతము. దానిని తయారుచేసిన కంపెనీ మూతపడినను ప్లేటు పాడుట మానదు. ఒక కంపెనీ ప్లేటును మరొక కంపెనీ పెట్టెపై వేసినను పాడును. నిమిషమునకు సుమారు 78 చుట్లు తిరుగు పళ్లెము, గాడిలో నడచు ముల్లు ఉన్న చాలును. ప్లేటునకు, పెట్టెకు మధ్యనున్న ఈ ఒడంబడిక ఏ ఒక్కరి చేతిలోనిదియు కాదు. తాత కొన్న ప్లేటును మనుమడు వినగలుగుటకు కారణమిదియే.

నేడు పాట వినుటకు ప్లేటు అక్కరలేదు. పాట ఎక్కడనో ఒక కంపెనీ కంప్యూటరులో ఉండును. ఫోనుపై వ్రేలు తాకించగానే అది ధారవలె వచ్చి చెవిన పడును. దీనినే స్ట్రీమింగు అందురు. సౌకర్యము గొప్పదే, కాని శ్రోత చెల్లించునది పాటకు వెల కాదు, అద్దె మాత్రమే. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020 చివర మూతపడినది. రెస్సో 2024 జనవరిలో భారతదేశమున నిలిచిపోయినది. వింక్ మ్యూజిక్‌ను మూసివేయుచున్నట్లు ఎయిర్‌టెల్ అదే సంవత్సరమున ప్రకటించినది. పాడ్‌కాస్టులు వినిపించు స్టిచర్ 2023లోను, గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లోను కనుమరుగైనవి.

ఈ అద్దె బాధ లేకుండ, ఇంటిలోనో బడిలోనో ఉన్న ఒక చిన్న కంప్యూటరునే సొంత పాటల భాండారముగా మార్చుకొనవచ్చును. అందుకు కావలసిన ప్రోగ్రాములు ఉచితముగనే లభించును. అవి ఒకటి రెండు కావు, అనేకములు. వానిలో దేనిని ఎన్నుకొనవలెను? ఏ లక్షణమును ముందు చూడవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకవలెనన్న మొదట వాని పనితీరు తెలియవలెను.

సర్వరు – వినికిడి యాపు

ఇందు రెండు భాగములు కలవు. పాటల ఫైళ్లున్న కంప్యూటరులో రేయింబవళ్లు మేల్కొనియుండి, అడిగినవారికి అడిగిన పాటను అందించు ప్రోగ్రాము సర్వరు. ఫోనులోనో మరొక కంప్యూటరులోనో ఉండి, పాటను అడిగి తెచ్చుకొని వినిపించునది వినికిడి యాపు.

సర్వరు చేయు మొదటి పని జాబితా వ్రాసికొనుట. గ్రంథాలయాధికారి ప్రతి పుస్తకమును తెరచి గ్రంథకర్త పేరు, ప్రచురణ సంవత్సరము చీటీపై వ్రాసికొనునట్లు, సర్వరు ప్రతి ఫైలును తెరచి అందులో పొదిగియున్న పాట పేరు, గాయకుని పేరు, ఆల్బము పేరు చదివి తన పట్టికలో చేర్చుకొనును. ఫైలులో పొదిగిన ఈ వివరములనే ట్యాగులు అందురు. రెండవ పని, అడిగిన పాటను పంపుట. ఫైలు పెద్దదై, దారి ఇరుకైనచో, సర్వరు దానిని అప్పటికప్పుడు చిన్న రూపమునకు మార్చి పంపగలదు. ఈ మార్పిడికి అనేక సర్వరులు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అను ప్రోగ్రాము సాయము తీసికొనును.

ఈ పనులకు గొప్ప యంత్రము అక్కరలేదు. అరచేతిలో ఇమిడెడి రాస్‌ప్‌బెర్రీ పై వంటి కంప్యూటరు చాలును. అది సుమారు 5 వాట్ల విద్యుచ్ఛక్తి వాడుననుకొన్నచో, నెల రోజులు ఆగక నడచినను అయ్యెడి ఖర్చు 5 × 24 × 30 = 3,600 వాట్-గంటలు, అనగా 3.6 యూనిట్లు మాత్రమే. 60 వాట్ల పాత కంప్యూటరైనచో అదే లెక్కకు 43.2 యూనిట్లగును. పాత యంత్రము ఉచితముగా దొరికినను, దాని కరెంటు ఉచితము కాదని ఈ లెక్క తెలుపుచున్నది.

ఓపెన్ సోర్స్ అనగా

వంటకమును మాత్రమే అమ్మువాడొకడు, వంటకముతో పాటు దాని వండు విధానమును వ్రాసి ఇచ్చువాడు మరొకడు. ప్రోగ్రామునకు వండు విధానము వంటిది దాని మూలలిపి. దానిని అందరికి తెరచియుంచి, చదువుటకు, మార్చుటకు, మార్చినదానిని ఇతరులకు పంచుటకు అనుమతించినచో అది ఓపెన్ సోర్స్. ఆ అనుమతిని తెలుపు పత్రమునకు లైసెన్సు అని పేరు.

1989లో రిచర్డ్ స్టాల్‌మన్ సిద్ధపరచిన జీపీఎల్ వీనిలో ప్రసిద్ధమైనది. ఈ లైసెన్సు క్రింద పొందిన ప్రోగ్రామును మార్చి పంచువాడు తన మార్పుల మూలలిపిని గూడ అదే షరతుపై ఇవ్వవలెను. కాని ప్రోగ్రామును ఎవరికిని పంచక, తన సర్వరులోనే ఉంచి దాని సేవను మాత్రమే ఇచ్చువానికి ఈ షరతు తగులదు. ఆ లోటును తీర్చుటకు 2007లో ఏజీపీఎల్ వచ్చినది. దాని ప్రకారము, మార్చిన ప్రోగ్రామును నెట్‌వర్కు మీదుగా వాడుకొనువారికి గూడ మూలలిపి అందవలెను.

ఉచితముగా దొరకుట వేరు, ఓపెన్ సోర్స్ వేరు. ఉచితముగా ఇచ్చుట రేపు మానివేయవచ్చును. ఒకసారి తెరచి ఇచ్చిన మూలలిపిని మాత్రము తిరిగి లాగుకొనుటకు వీలుండదు. దీనికి చక్కని తార్కాణము సబ్‌సోనిక్ చరిత్ర.

సబ్‌సోనిక్ నేర్పిన పాఠము

సిండ్రె మెహుస్ అను ప్రోగ్రామరు సబ్‌సోనిక్ అను సంగీత సర్వరును రచించెను. అది జావా భాషలో వ్రాయబడి, జీపీఎల్ లైసెన్సు క్రింద వెలువడెడిది. 2016లో వచ్చిన 6వ రూపమునుండి దాని మూలలిపిని బయట పెట్టుట మానివేసిరి. కాని అంతకుముందు వెలువడిన మూలలిపి జనుల చేతిలోనే ఉన్నది. దానినుండి కొందరు లిబ్రెసోనిక్ అను శాఖను తీసిరి. దానినుండి 2017లో ఎయిర్‌సోనిక్ అను మరొక శాఖ పుట్టినది. కాలక్రమమున ఎయిర్‌సోనిక్ అభివృద్ధియు ఆగిపోయినది. మాను పడినను పిలకలు వచ్చుట, పిలకలు గూడ ఒక్కొక్కటిగా ఎండుట ఇందు కనిపించును.

అయినను సబ్‌సోనిక్ వదలిపోయిన ఒక వస్తువు నేటికిని బ్రతికియున్నది. అది ప్రోగ్రాము కాదు, ఒక భాష. “ఆల్బముల పట్టిక ఇమ్ము”, “ఈ సంఖ్యగల పాటను పంపుము” అని వినికిడి యాపు సర్వరును ఏ మాటలతో అడుగవలెనో, సర్వరు ఏ రూపమున బదులు చెప్పవలెనో నిర్ణయించు నియమావళి అది. ఇట్టి నియమావళిని ఏపీఐ అందురు. సబ్‌సోనిక్ ఏపీఐ అందరు చదువుకొనునట్లు ప్రకటింపబడియున్నందున, సబ్‌సోనిక్ మూలలిపితో ఏమాత్రము సంబంధము లేని వారును ఆ భాష మాటలాడు సర్వరులను క్రొత్తగా వ్రాసిరి. యాపులు వ్రాయువారును దానినే అనుసరించిరి. 2023లో కొందరు సర్వరు రచయితలు, యాపు రచయితలు కలసి ఓపెన్‌సబ్‌సోనిక్ అను పేరుతో ఈ భాషను పెంపొందింప నారంభించిరి.

జెల్లీఫిన్ కథయు ఇట్టిదే. ఎంబీ అను సర్వరు 2018 చివర తన మూలలిపిని మూసివేయగా, ఆ సంవత్సరము డిసెంబరులోనే పాత మూలలిపినుండి జెల్లీఫిన్ జనించినది.

ప్రోగ్రాములు పుట్టుచుండును, గిట్టుచుండును. ఫైళ్లు నిలుచును, భాష నిలుచును. కనుక ప్రోగ్రామును ఎన్నుకొనునప్పుడు “ఇది ఎంత అందముగానున్నది?” అను ప్రశ్నకంటె “ఇది రేపు ఆగిపోయినచో నాకు మిగులునదేమి?” అను ప్రశ్న ముందు వేసికొనవలెను.

నేడు లభించు సర్వరులు

సంగీతమునకు మాత్రమే సర్వరు కావలసినవారికి నావిడ్రోమ్ అనుకూలమైనది. దీనిని డెలువాన్ క్వింటావ్ ప్రారంభించెను. గో అను భాషలో వ్రాయబడినందున ఒకే ఫైలుగా లభించును. చిన్న కంప్యూటరులో సైతము తేలికగా నడచును. జీపీఎల్ క్రిందిది. సబ్‌సోనిక్ భాష మాటలాడును. యాపు లేకున్నను బ్రౌజరులోనే పాటలు వినుటకు వీలున్నది. ఇది పాటలను ఫోల్డరులను బట్టిగాక ట్యాగులను బట్టి అమర్చును. పాటల ఫోల్డరును చదువుటకు మాత్రమే అనుమతించి, వ్రాయుటకు అనుమతి లేకుండ కట్టడి చేసినను దీని పని సాగును. ఫైళ్లకు హాని కలుగకుండుటకు ఇది మంచి రక్షణ.

ఫోల్డరులలో చక్కగా సర్దుకొన్నవారికి గోనిక్ తగినది. ఇదియు గో భాషలోనిదే, సబ్‌సోనిక్ భాష తెలిసినదే. దీనిలో పాట వినిపించు తెర లేదు. వేరుగా యాపు ఉండవలెను. యాంపాష్ 2001 నుండి ఉన్న పాతకాపు, పీహెచ్‌పీ భాషలో వ్రాయబడినది, ఏజీపీఎల్ క్రిందిది. సినిమాలు, పాటలు ఒకేచోట ఉంచదలచినవారికి జెల్లీఫిన్ తగును. కాని దాని భాష వేరు, యాపులు వేరు, యంత్రముపై భారమును హెచ్చు. తాను పాడిన పాటలను ఇతర ఊళ్లలోని సర్వరులవారితో పంచుకొనగోరువారికి ఫంక్‌వేల్ కలదు. అది ఒక సర్వరు మరొక సర్వరుతో మాటలాడు యాక్టివిటీపబ్ అను ఒడంబడికను అనుసరించును.

సబ్‌సోనిక్ భాష తెలిసిన సర్వరును ఎన్నుకొన్నచో యాపుల విషయమున కొరత ఉండదు. ఆండ్రాయిడ్ ఫోనులకు అల్ట్రాసోనిక్, టెంపో, కంప్యూటరులకు సూపర్‌సోనిక్, ఫెయిషిన్ ఓపెన్ సోర్స్ యాపులే. సింఫోనియం మాత్రము వెలపెట్టి కొనవలసినది, మూలలిపి తెరచినదియు కాదు. అయినను సర్వరు విషయములో ఉన్నంత పట్టుదల యాపు విషయములో అవసరము కాదు. యాపు నచ్చకున్న దానిని తీసివేసి మరొకటి పెట్టుకొనుట ఐదు నిమిషముల పని. సర్వరును మార్చుట అంత సులభము కాదు.

పాడ్‌కాస్టుల దారి వేరు

రేడియో ప్రసంగమువలె భాగములుగా వెలువడు శబ్ద కార్యక్రమమే పాడ్‌కాస్టు. ఈ పదమును 2004 ఫిబ్రవరిలో బెన్ హామర్స్‌లీ గార్డియన్ పత్రికలో మొదట ప్రయోగించెను. దానికి ఆధారమైన ఏర్పాటు అంతకు ముందే, 2000 డిసెంబరులో, డేవ్ వైనర్ ఆర్‌ఎస్‌ఎస్‌లో చేసెను. ఆర్‌ఎస్‌ఎస్ అనగా ఒక చిన్న పట్టిక. అందు ప్రతి భాగమునకు శీర్షిక, తేదీ, శబ్ద ఫైలు దొరకు చిరునామా వ్రాసియుండును. యాపు ఆ పట్టికను అప్పుడప్పుడు చదివి, క్రొత్త భాగము వచ్చినదో లేదో చూచుకొనును. మాసపత్రికకు చందా కట్టుట వంటిది; కాని ఇక్కడ పత్రిక ఇంటికి రాదు, చందాదారుడే అంగడికి పోయి చూచివచ్చును.

పాటల సర్వరు పాడ్‌కాస్టులకు గూడ చాలునని తలచుట పొరపాటు. పాటను మొదటినుండి వినుటయే వాడుక. గంటసేపటి ప్రసంగమును 40వ నిమిషమున ఆపి, మరునాడు అక్కడినుండియే వినవలెను. ఎక్కడ ఆగినదో సర్వరునకు జ్ఞాపకముండవలెను. నావిడ్రోమ్ 2025 నాటికి పాడ్‌కాస్టులను చేపట్టలేదు. గోనిక్, యాంపాష్, ఫంక్‌వేల్ వానిని కొంతవరకు నిర్వహించును. ఈ పనికే ప్రత్యేకముగా పుట్టినది ఆడియోబుక్‌షెల్ఫ్. ఇది శ్రవణ గ్రంథములకు, పాడ్‌కాస్టులకు ఉద్దేశింపబడినది. క్రొత్త భాగము రాగానే దింపుకొని దాచును. విన్నంతవరకు గుర్తు పెట్టును. ఒక ఫోనులో ఆపినదానిని మరొక ఫోనులో అక్కడినుండియే వినిపించును. ప్రచురించినవారు తరువాత తొలగించిన భాగము గూడ దింపుకొన్నవాని వద్ద మిగిలియుండును.

సర్వరు అక్కరలేదనుకొన్నవారు ఆంటెన్నాపాడ్ అను ఆండ్రాయిడ్ యాపును వాడవచ్చును. అది ఓపెన్ సోర్స్. విన్న గుర్తులను సొంత నెక్స్ట్‌క్లౌడ్ సర్వరులో దాచుకొనుటకు గూడ వీలు కల్పించును. ఏ యాపు ఎన్నుకొన్నను, చందాల పట్టికను ఓపీఎంఎల్ అను ఫైలుగా బయటకు ఇచ్చునో లేదో ముందే పరీక్షించవలెను. ఆ ఒక్క ఫైలు చేతనున్నచో, యాపు మూతపడినను చందాలు పోవు.

పాటల కొలతలు

సీడీలో సెకనుకు 44,100 సార్లు శబ్దమును కొలిచి, ప్రతి కొలతను 16 బిట్లలో, రెండు చెవులకు వేరువేరుగా వ్రాయుదురు. 44,100 × 16 × 2 = 14,11,200 బిట్లు. గంటకు సుమారు 635 మెగాబైట్లగును. ఫ్లాక్ అను పద్ధతి ఇందులో ఒక్క బిట్టును పోగొట్టక సుమారు సగమునకు కుదించును. విప్పినప్పుడు మొదటి శబ్దమే యథాతథముగా వచ్చును. ఎంపీ3, ఓపస్ పద్ధతులు చెవి గుర్తింపలేని అంశములను విడిచి ఇంకను కుదించును. 2012లో ప్రమాణముగా వెలువడిన ఓపస్‌లో సెకనుకు 96 కిలోబిట్లు వాడినచో గంటకు 43.2 మెగాబైట్లు మాత్రమే అగును. ఫ్లాక్‌కు 2024 డిసెంబరులో ప్రామాణిక పత్రము వెలువడినది. ఎంపీ3 లైసెన్సు కార్యక్రమము 2017లో ముగిసినది. కనుక ఈ మూడింటిని ఎవరి అనుమతియు లేకుండ వాడుకొనవచ్చును.

బడిలో 30 మంది విద్యార్థులు ఒకేసారి ఒక పాఠమును విందురనుకొందము. 96 కిలోబిట్ల చొప్పున మొత్తము 2,880 కిలోబిట్లు, అనగా 3 మెగాబిట్లకు లోపు. సాధారణ వైఫై దీనిని మోయగలదు. అదే ఫ్లాక్‌లో సుమారు 800 కిలోబిట్ల చొప్పున 24 మెగాబిట్లగును. పాత వైఫై పెట్టె తడబడవచ్చును. దాచుటకు ఫ్లాక్, పంపుటకు ఓపస్ అను పద్ధతి ఇందుకే మేలు. సర్వరు బడిలోనే ఉన్నచో ఇంటర్నెట్టు లేని దినమున గూడ పాఠము ఆగదు. పల్లెటూరి బడికి ఇది చిన్న లాభము కాదు.

తెలుగు పేర్ల చిక్కు

సర్వరు ట్యాగులనే నమ్మును. ఒక ఫైలులో “ఘంటసాల” అని, మరొకదానిలో “ఘంటసాల వెంకటేశ్వరరావు” అని, ఇంకొకదానిలో ఇంగ్లీషు లిపిలో ఉన్నచో, దాని దృష్టిలో వారు ముగ్గురు గాయకులు. పాట పేరునకు పాత ట్యాగు పద్ధతిలో 30 బైట్ల స్థలమే ఉండెడిది. యూనికోడులోని తెలుగు వర్ణమొక్కటి యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు తీసికొనును. ఒత్తునకు, గుణింతపు గుర్తునకు వేరుగా లెక్క. “త్యాగరాజ కీర్తనలు” అని వ్రాయుటకు 16 గుర్తులు, ఒక ఖాళీ కావలెను. అనగా 49 బైట్లు. కనుక యూనికోడు వ్రాయదగిన క్రొత్త ట్యాగు పద్ధతినే వాడవలెను. యూనికోడునకు ముందటి ఫాంటులలో వ్రాసిన పేర్లు అర్థములేని గీతలుగా కనిపించును. వానిని తిరిగి వ్రాయుటయే మార్గము.

ఈ పనికి మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అను ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము తోడ్పడును. శ్రమతో దిద్దిన పేర్లు ఫైలులోనే నిలుచును గనుక, సర్వరు మారినను ఆ శ్రమ వ్యర్థము కాదు. కాని పాటకు పెట్టిన నక్షత్రపు గుర్తులు, ఎన్నిసార్లు విన్నారను లెక్కలు సాధారణముగా సర్వరు సొంత పట్టికలో ఉండును. వానిని వేరుగా నకలు తీసి ఉంచవలెను. పాటల ఫైళ్లకు గూడ మరొక డిస్కులో నకలు తప్పనిసరి. భాండారము ఒక్కటే ఉన్నచో అది భాండారము కాదు, జూదము.

తలుపు, తాళము

ఇంటి వైఫైలో మాత్రమే వినువారికి భయము తక్కువ. బయటినుండి గూడ వినగోరినచో జాగ్రత్త అవసరము. సబ్‌సోనిక్ భాష తొలి రూపములలో రహస్యపదము విన్నపముతో పాటే దాదాపు బాహాటముగా ప్రయాణము చేసెడిది. తరువాత, రహస్యపదమునకు యాదృచ్ఛికమైన అక్షరములు చేర్చి, ఎండీ5 అను లెక్కతో మార్చి పంపు పద్ధతి వచ్చినది. ఆ లెక్కను సరిచూచుటకు సర్వరునకు గూడ అసలు రహస్యపదము తెలిసియుండవలెను. కనుక సర్వరు దానిని తిరిగి చదువుకొనదగిన రూపముననే దాచును. బ్యాంకునకో ఉత్తరములకో వాడు రహస్యపదమును ఇక్కడ వాడరాదనుటకు కారణమిదియే.

అన్నిటికంటె క్షేమకరమైన మార్గము సర్వరును బహిరంగముగా ఉంచక, వైర్‌గార్డ్ వంటి రహస్య సొరంగము ద్వారా చేరుట. తప్పక తెరచి ఉంచవలసివచ్చినచో హెచ్‌టీటీపీఎస్ లేకుండ తెరువరాదు.

మరొక తాళము చట్టము. 1957 నాటి భారత కాపీరైటు చట్టము ప్రకారము శబ్దగ్రహణముపై హక్కు, అది ప్రకటితమైన మరుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లుండును. సాహిత్యమునకు, స్వరరచనకు హక్కు వేరు. అది రచయిత మరణానంతరము 60 ఏండ్లు. కొన్న పాటను సొంతముగా వినుట వేరు, లోకమునకు పంచుట వేరు. విద్యార్థులు చదివిన పాఠములు, ఊరి పెద్దల అనుమతితో రికార్డు చేసిన నాటు పాటలు, జోలపాటలు ఉన్నచో ఈ చిక్కు చాలవరకు తప్పును. అట్టివి ఏ కంపెనీ భాండారములోను దొరకవు. పోయినచో తిరిగి రావు. సొంత సర్వరు అవసరము నిజముగా వానికే ఎక్కువ.

ఒక ప్రయోగము

ఉన్నత పాఠశాల కంప్యూటరు గదిలో ఈ విషయమును పరీక్షించి చూడవచ్చును. సొంతముగా రికార్డు చేసిన పది పాటలను ఒక ఫోల్డరులో ఉంచి, తెలుగులో ట్యాగులు వ్రాయవలెను. ఆ ఫోల్డరునే చూపుచు నావిడ్రోమ్, గోనిక్ రెండింటిని ఒకే కంప్యూటరులో నడపవలెను. ఒకే ఫోను యాపును మొదట ఒకదానికి, తరువాత రెండవదానికి తగిలించవలెను. కొన్ని పాటలకు నక్షత్రపు గుర్తులు పెట్టవలెను. పిమ్మట మొదటి సర్వరును పూర్తిగా తొలగించవలెను.

ఇప్పుడు విద్యార్థులు పుస్తకములో రెండు వరుసలు గీసి, మిగిలినవి ఒక వరుసలోను, పోయినవి రెండవ వరుసలోను వ్రాయవలెను. పాటలు, పేర్లు, యాపు మొదటి వరుసలో చేరును. నక్షత్రములు, విన్న లెక్కలు రెండవ వరుసలో చేరును. ఏ క్రొత్త ప్రోగ్రామును ఎన్నుకొనబోవునప్పుడైనను ఈ రెండు వరుసలు ముందుగనే వ్రాసి చూచుకొన్నవాడు ఎన్నికలో మోసపోడు.